సిరిపల్లివారి ఈగల రాణి

లోకంలో తెలివైనవాళ్ళకేం కొదవలేదు. కానీ తమకు తెలివుందన్న సంగతి రోజూ లేస్తూనే ఒకసారి గుర్తు చేసుకునేవాళ్ళు మాత్రం గుమ్మడిబంద ఊళ్ళో సిరిపల్లివారొక్కరే. నర్సీపట్నం దాటి కొండవాలు ఎక్కితే వస్తుంది ఆ ఊరు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. ఇంటిపెద్ద గురువులు, అతని పెళ్ళాం అప్పలనర్స, ముసలితల్లి నూకమ్మ, పెళ్ళికాని తమ్ముడు పోలినాయుడు.

"ఊర్లో వోళ్ళందరికీ ఓ రోగముంది. మాట ఇంటారు, ఇన్నాక సొంత బుర్ర కలిపి పాడు సేసీస్తారు. మనం అలగ కాదు. సెప్పింది సెప్పినట్టే సేస్తాం" అనేవాడు గురువులు, మీసం సవరించుకుంటూ.

అబద్ధం కాదు. ఒకసారి నూకమ్మకి జ్వరమొస్తే డాక్టరు గారు పదిరోజులు మంచం దిగొద్దన్నారు. ఆరో రోజున మేనకోడలి పెళ్ళి. అంతే, ముసలమ్మని మంచంతో సహా మోసుకెళ్ళి పెళ్ళిపందిట్లో ముందు వరసలో దించారు. భోజనం మంచం మీదే. అక్షింతలు మంచం మీంచే. ఆవిడ దిగలేదు, జ్వరమూ తగ్గింది. ఆ దెబ్బతో వాళ్ళ తెలివి మీద వాళ్ళకున్న నమ్మకం ఇంకో మూర పెరిగింది.

ఇలాంటి ఇంటికి ఒక తేనెపెట్టె వచ్చింది. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు తేనెటీగలు పెంచడం నేర్పే కామేశం మేష్టారు కార్తీకంలో వచ్చి పెరట్లో పెట్టించి వెళ్ళాడు. మూత మీద ఎర్రరంగుతో 'సిరిపల్లి అప్పలనర్స' అని రాశాడు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో అప్పలనర్సది అని చెప్పుకోడానికి ఒక్క వస్తువు లేదు. గేదె అత్తది. ఇల్లు మామ కట్టింది. రోలు కూడా తోడికోడలుగా రాబోయే ఆవిడకూ తనకూ ఉమ్మడి అని పెళ్ళినాడే చెప్పేశారు. అందుకని ఆ పెట్టె అంటే ఆమెకి ప్రాణం. పొద్దున్నే లేచి దాని ముందు కూచుని ఈగల కుశలం అడిగి గానీ పొయ్యి రాజేసేది కాదు.

మాఘమాసంలో మేష్టారు మళ్ళీ వచ్చి ఒక కాయితం ఇచ్చాడు. "చలి వెళ్ళిపోతోంది. శివరాత్రి అయిన మూడో రోజు మధ్యాహ్నం వస్తాను. నేను వచ్చేలోగా మీరే ఒకసారి పెట్టె తెరిచి చూడండి. ఎలా చూడాలో ఇందులో అంతా రాశాను. ఈగలూ రాణీ చలికి తట్టుకుని బాగుంటే పెట్టె ఇక మీదే. లేకపోతే పై ఊరి వాళ్ళకి ఇచ్చెయ్యాలి, ఏం అనుకోవద్దు" అన్నాడు.

శివరాత్రి నుంచి ఆ మూడు రోజులూ అప్పలనర్సకి ముద్ద దిగలేదు.

మూడో రోజు పొద్దున్నే గురువులు కాయితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "పెట్టె దగ్గర నల్లటిదేదీ ఉండకూడదు. నలుపు చూస్తే ఈగలకు కోపం."

నలుగురూ చుట్టూ చూశారు. పెట్టెకి పదడుగుల దూరంలో గేదె నెమరేస్తోంది. దానికన్నా నల్లటిది గుమ్మడిబందలోనే లేదు.

"దాన్ని అవతల కట్టీరాదా?" అన్నాడు పోలినాయుడు పెరట్లో వాల్చిన మంచం మీంచి.

"అవతల కట్టమని కాయితంలో నేదు. నల్లగా ఉండకూడదని ఉన్నాది" అన్నాడు గురువులు.

ఇంకేముంది, బానెడు ముగ్గుపిండి కలిపి గేదెకి కొమ్ముల నుంచి తోక దాకా పూశారు. ఎండకి ఆరి తెల్లగా నిగనిగలాడింది. దూడ వచ్చి తల్లిని వెతుక్కుంది, కనపడలేదు, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి నూకమ్మ తెల్లచీర కొంగు పట్టుకుని చప్పరించడం మొదలెట్టింది. మనుషుల తలలు కూడా నల్లవే కదా అని మిగిలిన పిండి తలా దోసెడు నెత్తిన జల్లుకున్నారు. నూకమ్మకి అక్కర్లేకపోయింది, ఆవిడ తల ఎప్పుడో ముగ్గుబుట్ట.

రెండో మాట. "మూత తీసేముందు పొగ పట్టాలి. పొగ తగిలితే ఈగలు నెమ్మదిస్తాయి. పొగడబ్బా లేకపోతే ఇంట్లో ఉన్న పొగ ఏదైనా చాలు."

ఇంట్లో ఉన్న పొగ అంటే నూకమ్మ చుట్టే. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గర్వంగా వచ్చి పెట్టె ముందు పీట వేసుకుని కూచుని చుట్ట వెలిగించింది. కాకపోతే ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు తాగేది అడ్డపొగ. అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుంటారు, రెండో కొస బయటికి ఉంటుంది. కాసేపు చూశారు. ముసలమ్మ ముఖం ఎర్రబడింది గానీ పెట్టె దగ్గరికి పొగ అన్నది రాలేదు.

"అమ్మా, పొగేదే?"

"నా కడుపులో ఉన్నాది."

"కడుపులో ఉంటే ఈగలకెలగ తగుల్తాది?"

"అయితే ఈగల్ని నా నోట్లోకి రమ్మను."

"అలగ కాదు, నిప్పు బయటికెట్టి తాగు అత్తా" అని బతిమాలింది అప్పలనర్స.

నూకమ్మకి కోపమొచ్చింది. "మగోళ్ళ లాగ తాగమంటావేటే? మీ మావ సూస్తే ఏటనుకుంటాడు?" ఆయన పోయి పన్నెండేళ్ళయింది. అయినా ఆయన ఏమనుకునేవాడో అందరికీ తెలుసు.

గురువులు బుర్ర గోక్కున్నాడు. బోలెడు ముగ్గుపిండి రాలింది. "పెట్టి కాడికి పొగ రాకపోతే పెట్టినే పొగ కాడికి అట్టుకెల్దాం. వంటపాకలో ఎప్పుడూ పొగే కదా" అన్నాడు. ఆ మాటకి అప్పలనర్స మొగుడి వైపు చూసిన చూపులో ఎంత మెచ్చుకోలుందో చెప్పలేను. ఇలాంటి బుర్రకి ఊళ్ళో సర్పంచి పదవి ఎందుకివ్వలేదో ఆమెకి అర్థం కాలేదు.

అయితే కాయితంలో 'పెట్టెని కుదపకూడదు' అని కూడా ఉంది. అంచేత ముందు గురువులు, వెనక అప్పలనర్స పట్టుకుని, ఒక అడుగు వేసి, పెట్టెకి చెవి ఆనించి విని, మళ్ళీ అడుగు వేశారు. పెరట్లోంచి వంటపాకకి ముప్పై అడుగులు. చద్దన్నం తిన్నాక బయల్దేరినవాళ్ళు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి చేరారు. పొయ్యి పక్కన దించి, పొయ్యిలో పచ్చికట్టెలు పెట్టి ఊదారు. పాక నిండా పొగ. ఎవరికి ఎవరూ కనపడలేదు. అందరికీ ఎంతో సంతోషమైంది.

గురువులు కళ్ళు తుడుచుకుంటూ కాయితం చూశాడు. "నర్సా, 'మంచి ఎండ పడుతున్నప్పుడే మూత తియ్యాలి' అని ఉన్నాదే. ఇక్కడ ఎండేది?"

బయట మంచం మీంచి పోలినాయుడు కేకేశాడు. "పాక మీద కప్పు తీసీ అన్నియ్యా. ఎండ అదే వస్తాది."

పోలినాయుడు పని చెయ్యడు గానీ సలహాకి వెనకాడడు. అంతే, గురువులు పాక మీదకెక్కి తాటాకు కమ్మలన్నీ లాగి కింద పడేశాడు. నాలుగేళ్ళ కింద కప్పించిన కప్పు, అరగంటలో ఖాళీ. ఎండ నేరుగా పెట్టె మీద పడింది. కాకపోతే పొగంతా పైకి పోయింది.

"ఎండొచ్చింది, పొగెల్లిపోయింది" అంది అప్పలనర్స, ఏడుపు గొంతుతో.

"పొగ సాలకపోతే ఎక్కువెట్టాల" అన్నాడు గురువులు. ఊడదీసిన కమ్మలే తడిపి పొయ్యిలో కుక్కాడు. అవి రాజుకుని మబ్బులా లేచాయి. వీధిలో వాళ్ళు ఇల్లు అంటుకుందని బిందెలతో పరుగెత్తుకొచ్చారు. గురువులు తెల్లటి తల బయటికి పెట్టి, "ఇల్లు కాలడం నేదు, ఈగల్ని సూస్తన్నాం" అన్నాడు. వాళ్ళు ఒకసారి తెల్లగేదె వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఎట్టకేలకు మూత తీశారు. లోపల చట్రాల మీద ఈగలు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. బతికున్నాయి. అప్పలనర్స రెండు చేతులూ జోడించింది. చలికి ఎన్ని పోయాయో ఏమోనని ఆమె అన్నాళ్ళూ బెంగపడింది మరి.

"ఇప్పుడు రాణి" అన్నాడు గురువులు. కాయితంలో ఇలా ఉంది. "రాణి ఉందో లేదో తప్పకుండా చూడాలి. గుర్తుపట్టడం తేలిక. ఒళ్ళు పొడుగు. ఏ పనీ చెయ్యదు. తిండి కూడా మిగతావాళ్ళే తెచ్చి నోటికందించాలి. ఇంటికి ఒక్కరే ఉంటారు. రాణి లేకపోతే ఆ ఇల్లు నిలవదు."

ముగ్గురూ పెట్టె మీదకి వంగారు. పొగకి కళ్ళలో ధారలు. ఒక్కొక్క ఈగనీ చూశారు. ఇది తిరుగుతోంది, పని చేస్తోంది, కాదు. అది రెక్కలాడిస్తోంది, అదీ పనే, కాదు. ఇంకోటి గురువులు ముక్కు మీద కుట్టింది, అది మరీ కష్టపడే రకం. పనిలేకుండా కూచున్నది ఒక్కటీ లేదు.

"రాణి నేదు మావా" అంది అప్పలనర్స. అని పొయ్యి గట్టు మీద కూచుని నిజంగానే ఏడ్చింది. "మేష్టారొచ్చి అట్టుకుపోతారు. నా పేరున్న పెట్టి. పై ఊరోళ్ళు నా పేరు సెరిపేసి ఆళ్ళ పేరు రాసీసుకుంటారు."

పెళ్ళాం ఏడిస్తే గురువులు తట్టుకోలేడు. కాయితం మళ్ళీ చదివాడు, ఈసారి మెల్లగా. "ఒళ్ళు పొడుగు. ఏ పనీ సెయ్యదు. తిండి మిగతావోళ్ళే నోటికందించాల. ఇంటికి ఒక్కరే."

చదివి తలెత్తాడు. గుమ్మంలోంచి మంచం కనపడింది. మంచం మీద, కాళ్ళు రెండూ కొస దాటి బయటికి వేలాడుతూ, ఆరడుగుల పోలినాయుడు ఉన్నాడు.

గురువులు పెళ్ళాం వైపు తిరిగాడు.

"నోటికందించేది నువ్వే కదా?" అని అడిగాడు గురువులు.

"పొద్దున్న కూడా నానే అందించినాను" అంది అప్పలనర్స కళ్ళు పెద్దవి చేసి.

నూకమ్మకి కొంచెం అనుమానమొచ్చింది. "ఒరే, రాణంటే ఆడది కదరా?"

"కాయితంలో పొడుగని ఉన్నాదే అమ్మా. ఆడదని నేదు."

దానితో ముసలమ్మ ఒప్పేసుకుంది. కన్నతల్లినై ఉండి ఇన్నేళ్ళూ పోల్చుకోలేకపోయానే అని లోపల్లోపల నొచ్చుకుంది కూడా. అప్పలనర్స కన్నీళ్ళు తుడుచుకుంది. ఇంట్లో రాణి ఉంది. ఇల్లు నిలుస్తుంది. పెట్టె ఎక్కడికీ పోదు.

కాయితంలో ఆఖరి మాట, "చలి పోయాక నీరసంగా కనిపిస్తే పంచదార పాకం పొయ్యాలి." ముగ్గురూ మంచం దగ్గరికెళ్ళారు.

"పోలీ, నీరసంగా ఉందేట్రా?" అని అడిగాడు అన్న.

"ఎప్పుడుండదు?" అన్నాడు పోలినాయుడు కళ్ళు తెరవకుండా.

ఇంకేముంది, గిన్నెడు పాకం కాచి తెచ్చి గరిటెతో పోశారు. అతను ఎందుకని అడగలేదు. తినడానికి పెడితే కారణం అడగడం అతని అలవాటు కాదు. సగం లోపలికెళ్ళాక నిద్రపోయాడు. కాయితంలో పొయ్యమనే ఉంది కనక మిగతా సగం కూడా పోశారు. అది మీసం మీంచి మెడ మీదకి, మెడ మీంచి భుజం మీది తువ్వాలులోకి కారింది.

ఇక్కడ వీళ్ళు ఇలా ఉండగా అక్కడ వంటపాకలో పెట్టె మూత తీసే ఉంది. పొయ్యిలో కమ్మలు రాజుకుంటూనే ఉన్నాయి. ఈగలు మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటాయి? జుమ్మని ఒక్క ఊపున లేచి, కప్పులేని పాకలోంచి ఆకాశంలోకి వెళ్ళాయి. అప్పలనర్స గరిటె పారేసి వాటి కింద పరుగెత్తింది. "ఎల్లిపోకండి తల్లీ, ఎల్లిపోకండి" అంటూ చేతులు చాచి పెరడంతా తిరిగింది. చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆ ఈగలు పెరటి చుట్టూ ఒక చుట్టు చుట్టి, ఎక్కడికి పోదామా అని కాసేపు తేల్చుకోలేక, చివరికి తీపి వాసనకి దిగి పోలినాయుడి భుజం మీద వాలాయి. ఒక దాని మీద ఒకటి. చెవి దగ్గర్నుంచి మోచేతి దాకా నల్లటి గుత్తి. అతను లేవలేదు. లేవడం కూడా ఒక పనే కదా.

"సూసినావా, రాణెక్కడుంటే అక్కడే ఈగలు" అన్నాడు గురువులు.

సరిగ్గా అప్పుడే కామేశం మేష్టారు మోటారుసైకిల్ దిగాడు. ముందు తెల్లగేదెని చూశాడు. తరవాత కప్పులేని పాకని చూశాడు. పిండి తలల వాళ్ళని చూశాడు. ఎక్కడ మొదలెట్టాలో తెలీక, "ఈగలేవి?" అని మాత్రం అడిగాడు.

"రాణి మీద ఉన్నాయి మేష్టారూ" అంది అప్పలనర్స, మంచం చూపిస్తూ.

మేష్టారు మంచం దగ్గరికి పరుగెత్తాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు. ఖాళీపెట్టె తెప్పించుకుందామంటే అది పాకలో పొగ మధ్య ఉంది, పొయ్యి పక్కనే. పొయ్యి ఆర్పించి, ఒక చేట అడిగి తీసుకుని, పోలినాయుడి భుజం మీదున్న గుత్తిని మెల్లమెల్లగా చేటలోకి దించాడు. మధ్యలో ఆగి, భుజం దగ్గర వేలు పెట్టి, "ఇదిగో మీ రాణి. భేషుగ్గా ఉంది" అన్నాడు.

ముగ్గురూ ఆ వేలు వైపు చూశారు. వేలు అవతల పోలినాయుడున్నాడు. ఉన్న ఒక్క అనుమానమూ తీరిపోయింది.

చేటని పాకలోకి తీసుకెళ్ళి దులిపితే ఈగలన్నీ పెట్టెలోకి చేరాయి. మేష్టారు మూత వేసి, ఎర్ర అక్షరాలకి పట్టిన మసి తువ్వాలుతో తుడిచి, "అప్పలనర్సా, పెట్టె నీదేనమ్మా" అన్నాడు. ఆమె వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. నెత్తిమీది పిండంతా ఆయన బూట్ల మీద పడింది.

"ఇంక వారం రోజులు దీన్ని ఇక్కణ్ణించి కదపొద్దు" అన్నాడు మేష్టారు. "ఈగలు బెదిరి ఉన్నాయి. రాణి మళ్ళీ బయటికి పోకుండా గుమ్మానికి జాలీ కట్టాలి. రేపు పొద్దున్నే ఇనపజాలీ తెస్తాను, ఈ పూటకి వెదురు పుల్లలతో మీరే అల్లండి. సందులో పని చేసేవి దూరి తిరగాలి, రాణికి పట్టకూడదు."

గురువులు శ్రద్ధగా తలూపాడు. "పట్టనివి రెండైతేనో మేష్టారూ?"

మేష్టారు నవ్వాడు. ప్రశ్న తెలివైనదే అనుకున్నాడు పాపం. "అంటే కొత్త రాణి పుట్టిందన్నమాట. ఇద్దరు రాణులు ఒకచోట ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకని పాత రాణి సగం మందిని వెంటబెట్టుకుని ఇల్లు వదిలేస్తుంది. దగ్గర్లో ఏ కొమ్మకో వేలాడతాయి. కంగారు పడక్కర్లేదు, నేను కొత్తపెట్టె తెచ్చి దించుకుంటాను." అంటూ బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పోలినాయుణ్ణి మంచంతో సహా వంటపాకలోకి చేర్చారు. గుమ్మానికి వెదురు జాలీ అల్లారు. సందు ఎంతుండాలన్నదానికి అప్పలనర్సని కొలత పెట్టారు, ఇంట్లో పని చేసేది ఆమే కనక. ఆమె బక్కపలచటి మనిషి. అన్నం గిన్నె పట్టుకుని పక్కకి తిరిగి సులువుగా దూరి వెళ్ళింది, వచ్చింది. నూకమ్మ కూడా చుట్ట నోట్లో పెట్టుకునే దూరింది. పోలినాయుడికి భుజమే పట్టలేదు. అందరూ తృప్తిగా పడుకున్నారు.

తెల్లారి తమ్ముడికి చెంబుతో నీళ్ళివ్వడానికి గురువులు జాలీలో దూరాడు. తల వెళ్ళింది, ఛాతీ వెళ్ళింది, పొట్ట ఆగిపోయింది. ముందుకి తోశాడు, వెళ్ళలేదు. వెనక్కి లాగాడు, రాలేదు. కాసేపు అలాగే ఉండి ఆలోచించాడు. నిన్నటి మేష్టారి మాట గుర్తొచ్చింది.

"నర్సా" అన్నాడు సన్నగా. "నాకు పట్టనేదే."

అప్పలనర్స చేతిలో చీపురు జారిపోయింది. నూకమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఓలమ్మో, రెండో రాణి పుట్టీసిందే" అంది.

లోపల మంచం మీద పోలినాయుడు ఆ మాట విన్నాడు. ఇద్దరు రాణులు చంపుకుంటారని మేష్టారు చెప్పింది కూడా నిన్న నిద్రమత్తులోనే అతని చెవిన పడింది. అన్నయ్య తలా ఛాతీ అప్పటికే లోపలికి వచ్చేశాయి, చేతిలో ఇత్తడి చెంబు కూడా ఉంది. అంతే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పోలినాయుడు గబగబా లేచి, పెట్టె మీద కాలు పడకుండా గోడ పట్టుకుని, కప్పులేని పాక మీంచి అవతలికి దూకాడు. అతను పాత రాణి మరి. ఇల్లు వదలాల్సింది అతనే.

"సగం మంది ఆడితో ఎల్లాల. ఎవులెల్తారు?" అంది నూకమ్మ.

అప్పలనర్స పెట్టె వైపు చూసింది. మూత మీద తన పేరు చూసింది. గుమ్మంలో ఇరుక్కున్న మొగుణ్ణి చూసింది. "నాను పెట్టినొదిలి రానత్తా" అంది కళ్ళనీళ్ళతో. నూకమ్మ కోడలి తల నిమిరి, రెండు చీరలూ చుట్టల కట్టా మూట కట్టుకుని చిన్నకొడుకు వెనక నడిచింది. అప్పలనర్స కొంగుతో ముఖం తుడుచుకుని, కొత్త రాణికి నీరసంగా ఉందేమోనని పాకం కాచడానికి గిన్నె వెతుక్కుంది.

కామేశం మేష్టారు చంకలో ఇనపజాలీ పెట్టుకుని ఎనిమిదింటికల్లా గుమ్మడిబంద మలుపు తిరిగాడు. రోడ్డు పక్క మామిడికొమ్మకి ఏదో పెద్ద గుత్తి వేలాడుతోంది. బండి ఆపి దగ్గరికొచ్చి చూశాడు. రెండు చేతులా కొమ్మ పట్టుకుని పోలినాయుడు వేలాడుతున్నాడు. అతని నడుం పట్టుకుని, నోట్లో అడ్డచుట్టతో, నూకమ్మ వేలాడుతోంది.

ముసలమ్మ ఆయన్ని చూసి హమ్మయ్య అనుకుంది. ఖాళీగా ఉన్న ఆయన బండి వైపు కూడా చూసి, నొచ్చుకుంటూ అంది.

"పెట్టి తేనేదేటి బాబూ? ఎల్లి బేగి తెండి. కూసింత పెద్దది సూడండి, మా రాణి పొడుగు."